తలుపు చప్పుడు విని కారు కొనవచ్చునా?

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సమావేశంలో డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుకోవడం మనకు ఆనవాయితీ. ఈసారి కార్యదర్శిగారు ఫోను చేసి, "మీరు ముప్ఫై నాలుగేళ్లు వర్క్‌షాపులో చేశారు. మన సభ్యుల్లో చాలామంది ఇప్పుడు కార్లు కొంటున్నారు, లేదా పిల్లలు కొనిపెడుతున్నారు. దాని మీద నాలుగు ముక్కలు చెప్పండి" అన్నారు. సరేనన్నాను. అయితే ఏ కంపెనీ కారు మంచిదో చెప్పడం నా ఉద్దేశం కాదు. మనం ఒక కారును చూడగానే "ఇది గట్టి బండి", "ఇది డబ్బా" అని తీర్పు చెప్పేస్తాం. ఆ తీర్పు దేన్ని బట్టి చెబుతున్నాం, అందులో నిజం పాలెంత, అన్నదే ఈరోజు నా విషయం. ఇందులో నేను చేసిన పొరపాటు కూడా ఒకటి ఉంది. దాన్ని తర్వాత మనవి చేస్తాను.

ముందు మన వర్క్‌షాపు సంగతి. 1987లో రెండు బస్సులు ఒకేసారి మరమ్మతుకు వచ్చాయి. మొదటి బస్సుకు ఇంజను దింపి రింగులు మార్చాం. బ్రేకు లైనింగులు కొత్తవి వేశాం. స్టీరింగులో ఆట ఉంటే సరిచేశాం. ఇంతలో సంక్రాంతి రద్దీ వచ్చిపడింది. రంగు వేయకుండానే, కిటికీ అద్దాలు గడగడలాడుతుండగానే రూటు మీదికి పంపేశాం. రెండో బస్సుకు లోపల పెద్దగా పని లేదు. రంగు వేసి, సీట్లకు కొత్త రెగ్జిన్ కుట్టించి, అద్దాలకు రబ్బర్లు మార్చి పంపాం.

నెల తిరిగేసరికి కండక్టర్లు కబురు చెప్పారు. రెండో బస్సు ఎక్కినవాళ్లు "కొత్త బండి వేశారే" అని సంతోషపడ్డారట. మొదటి బస్సు ఎక్కినవాళ్లు "ఈ డొక్కు బండిని ఇంకా ఎన్నాళ్లు తిప్పుతారు" అని తిట్టి, ఫిర్యాదు పుస్తకంలో కూడా రాశారట. అప్పుడు మా సీనియర్ మెకానిక్ ఒకాయన నవ్వి, "బ్రేకు బాగుచేస్తే మనకే తెలుస్తుంది సార్. కిటికీ బాగుచేస్తే ఊరందరికీ తెలుస్తుంది" అన్నాడు. ఆ రోజు ఆ మాట నాకు చేదుగా అనిపించింది. తర్వాత ఆలోచిస్తే ప్రయాణికుల తప్పేమీ లేదనిపించింది. వాళ్లు చక్రం విప్పి లైనింగు చూడలేరు. చూడగలిగింది రంగు, వినగలిగింది అద్దం చప్పుడు. కనిపించే దాన్ని బట్టి కనిపించని దాన్ని ఊహించుకున్నారు. కారు కొనేటప్పుడు మనం చేసేది కూడా సరిగ్గా ఇదే.

అదే 1987లో హార్వర్డ్ ఆచార్యుడు డేవిడ్ గార్విన్ నాణ్యతకు ఎనిమిది ముఖాలు ఉన్నాయని ఒక వ్యాసం రాశారు. పనితనం, అదనపు సౌకర్యాలు, నమ్మకంగా నడవడం, నిర్ణయించిన కొలతకు సరిగ్గా ఉండటం, మన్నిక, మరమ్మతు సులువు, అందం. ఇవి ఏడు. ఎనిమిదోది, కొనేవాడి మనసులో ఏర్పడే అభిప్రాయం. మిగిలిన వాటిలో చాలావరకు బండి వాడితే గాని తెలియవు. ఎనిమిదోది మాత్రం షోరూములో అరగంటలోనే ఏర్పడిపోతుంది. డబ్బు చేతులు మారేది కూడా ఆ అరగంట బలం మీదనే.

ఆ అరగంటలో మనం చేసే మొదటి పని తలుపు తీసి వేయడం. "ధబ్" మని మెత్తగా పడితే మంచి బండి. "టంగ్" మని రేకు మోగితే నాసిరకం. ఈ చప్పుడు దానంతట అది రాదండీ, తయారుచేస్తారు. తలుపు పైరేకు ఒక మిల్లీమీటరు కూడా మందం ఉండదు. దాని లోపలి వైపు తారు వంటి పదార్థంతో చేసిన షీట్లు అతికిస్తారు. అవి రేకు కంపనాన్ని మింగేస్తాయి. చుట్టూ రబ్బరు బీడింగు రెండు వరసలు వేస్తారు. లాక్‌లో ఇనుము ఇనుముకు తగలకుండా ప్లాస్టిక్ తొడుగు పెడతారు. మైకులు పెట్టి ఆ చప్పుడును కొలుస్తారు. ఇందులో మోసం లేదు, ఆ బీడింగు వల్ల వాన నీరు, దుమ్ము, రోడ్డు రొద కూడా తగ్గుతాయి. కాని గుద్దుకున్నప్పుడు మనల్ని కాపాడేది ఆ షీటు కాదు, తలుపు లోపల అడ్డంగా ఉండే ఉక్కు దూలం. దానికి చప్పుడు లేదు.

రెండో పరీక్ష సందులు. బానెట్‌కు, మడ్‌గార్డుకు మధ్య, తలుపుకు, తలుపుకు మధ్య సందు సన్నగా, ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే వెడల్పులో ఉందా అని చూస్తాం. 1993 నుంచి 2002 వరకు ఫోక్స్‌వ్యాగన్ అధిపతిగా ఉన్న ఫెర్డినాండ్ పియెష్ ఈ సందుల విషయంలో మహా పట్టుదల గల మనిషని పేరు. ఇది ఉత్త షోకు అనుకోవద్దు. సందు సమానంగా రావాలంటే రేకును నొక్కే డై అరగకుండా ఉండాలి, వెల్డింగు చేసేటప్పుడు పట్టి ఉంచే జిగ్గు కదలకుండా ఉండాలి. అంటే అది ఫ్యాక్టరీ క్రమశిక్షణకు గుర్తు. సంతకం కుదురుగా ఉన్న గుమాస్తా లెక్కలు కూడా కుదురుగా ఉంటాయని మనం అనుకుంటామే, అలాంటిది. చాలాసార్లు నిజమే అవుతుంది. ప్రతిసారీ కాదు.

గుర్తు నిజమైన సందర్భం ఒకటి చెబుతాను. 1989లో టొయోటా వారు అమెరికాలో లెక్సస్ అనే పేరుతో పెద్ద కారు విడుదల చేశారు. దాని ప్రకటనలో బండిని రోలర్ల మీద నిలిపి, బానెట్ మీద షాంపేన్ గ్లాసులు గోపురంలా పేర్చి, ఇంజనును మహా వేగానికి తీసుకుపోయారు. ఒక్క గ్లాసు కూడా పడలేదు. చూసినవాళ్లకు గ్లాసులే కనిపించాయి. వాటి వెనుక ఇంజను భాగాలను సమతూకంగా చేసిన ఇంజనీర్ల శ్రమ ఉంది. కనిపించని పనిని కనిపించేలా చూపించడం అంటే అదీ.

మూడోది పేరు. పేరు మన కళ్లను ఎంతగా నడిపిస్తుందో చూడండి. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్, టొయోటా కలిసి 1984లో ఒక ఫ్యాక్టరీ ప్రారంభించాయి. 1990ల్లో అక్కడి నుంచి టొయోటా కరోలా, జియో ప్రిజ్మ్ అనే రెండు కార్లు వచ్చేవి. లోపల ఇంచుమించు ఒకే బండి, చేసినవారు అదే కార్మికులు. అయినా సెకండ్ హ్యాండ్ బజారులో కరోలా ధర నిలబడేది, ప్రిజ్మ్ ధర త్వరగా పడిపోయేది. మన దేశంలో కూడా 2019 నుంచి మారుతి సుజుకి బాలెనోనే కొద్ది మార్పులతో టొయోటా వారు గ్లాంజా అనే పేరుతో అమ్ముతున్నారు. ఒకటి తీసిపారేసి, రెండోది ఆకాశానికెత్తే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పేరు ముంచిన కథ టాటా నానోది. 2008 జనవరిలో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో లక్ష రూపాయల కారుగా చూపించారు. 2009లో రోడ్డెక్కింది. 624 సి.సి. ఇంజను, నాలుగు తలుపులు, చిన్న బండే అయినా లోపల చోటు విశాలం. స్కూటరు మీద నలుగురు ప్రయాణం చేసే కుటుంబం కోసం చేసిన బండి. కాని "అన్నిటికంటే చౌక" అన్న ముద్ర పడింది. మన సమాజంలో కారు అంటే గౌరవం కదా. చౌక కారులో పెళ్లికి దిగడానికి ఎవరూ ఇష్టపడలేదు. మొదట్లో కొన్ని బండ్లలో మంటలు వచ్చిన వార్తలు కూడా దెబ్బతీశాయి. చౌక అన్న ప్రచారం పొరపాటైందని రతన్ టాటాగారే తర్వాత అన్నారు. 2018 వచ్చేసరికి తయారీ దాదాపు ఆగిపోయింది.

ఇంకొకటి. మన కొలబద్ద కూడా కాలంతో మారుతుంది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినప్పుడు మనకెంత ఆశ్చర్యం! అంతవరకు అంబాసిడర్, ఫియట్ తప్ప వేరే గతి లేదు. తాళం తిప్పగానే స్టార్టయ్యే బండి, బరువు లేని క్లచ్చు, పొరుగింటివాళ్లకు వినిపించని ఇంజను. అప్పుడు అది అద్భుతం. ఇప్పుడు తాళం తిప్పగానే స్టార్టు కాకపోతే బండి వెనక్కి తీసుకోమంటాం. జపాన్ ఆచార్యుడు నోరియాకి కానో 1984లోనే ఈ సంగతి వివరించారు. కొన్ని గుణాలు ఉంటే ఎవరూ మెచ్చుకోరు, లేకపోతే మండిపడతారు. కొన్ని లేకపోయినా ఎవరూ అడగరు, ఉంటే మురిసిపోతారు. ఈరోజు మురిపించేది రేపు తప్పనిసరి అవుతుంది. బ్రేకు మొదటి రకం. కప్పుకు పెట్టే అద్దం రెండో రకం. అందుకే షోరూములో కుర్రాడు కప్పు అద్దం తెరిచి చూపిస్తాడు గాని బ్రేకు గురించి మాట్లాడడు.

ఇక మన తరం వాళ్లకున్న గట్టి నమ్మకం ఒకటి ఉంది. "ఈ కాలం రేకు వేలితో నొక్కితే సొట్ట పడుతుంది. అంబాసిడర్ అంటే ఉక్కుముక్క" అని. నేను కూడా ఏళ్ల తరబడి ఇలాగే మాట్లాడాను. 2009లో అమెరికాలో రహదారి భద్రతను పరిశీలించే బీమా కంపెనీల సంస్థ ఒక పరీక్ష చేసింది. 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్‌ను, 2009 నాటి షెవర్లే మాలిబును గంటకు సుమారు 64 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా ఢీకొట్టించారు. పాత బండి ఓడంత ఉంటుంది, రేకు మందం. కాని డ్రైవరు కూర్చునే గది నలిగిపోయింది. స్టీరింగు లోపలికి చొచ్చుకొచ్చింది. కొత్త బండి ముందు భాగం నుజ్జయింది, గది మాత్రం నిలిచింది. అందులోని బొమ్మకు కాలికి చిన్న గాయం మాత్రమే అని లెక్కతేలింది.

దీనిలో మర్మం ఏమిటంటే, క్రికెట్ బంతిని పట్టేవాడు చేతులు వెనక్కి లాగుతాడు చూడండి, అదే. ముందు భాగం నలుగుతూ దెబ్బను మింగాలి, మనిషి ఉన్న గది మాత్రం నలగకూడదు. ఈ ఆలోచనకు మెర్సిడెస్ ఇంజనీరు బేలా బరెన్యీ 1950ల మొదట్లోనే పేటెంటు తీసుకున్నారు. 1959లో కారులోకి వచ్చింది. కాబట్టి వేలితో రేకు నొక్కి చూడటం వల్ల బండి గట్టిదనం తెలియదు. గట్టిదనం రేకులో లేదు, లోపలి అస్థిపంజరంలో ఉంది.

2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశంలో అమ్మే ఐదు చిన్న కార్లను ఎయిర్‌బ్యాగులు లేని రకాలు తీసుకుని 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించింది. స్వదేశీ పేర్లవీ, విదేశీ పేర్లవీ ఉన్నాయి. ఐదింటికీ సున్నా నక్షత్రాలు. వాటిలో ఒక కారునే రెండు ఎయిర్‌బ్యాగులున్న రకంలో పరీక్షిస్తే నాలుగు నక్షత్రాలు వచ్చాయి. అదే తలుపు, అదే రంగు, అదే చప్పుడు. ఒకటి సున్నా, ఒకటి నాలుగు.

మిత్రులారా, ఇప్పుడు నా పొరపాటు.

ఈ 2014 వార్త నేను పేపర్లో చదివాను. చదివి కూడా, మరుసటి సంవత్సరం గ్రాట్యుటీలో మిగిలిన డబ్బు పట్టుకుని షోరూముకు వెళ్లాను. ఒకే మోడల్లో రెండు రకాలున్నాయి. ధరలో పెద్ద తేడా లేదు. ఒకదానికి అల్లాయ్ చక్రాలు, మంచి మ్యూజిక్ సిస్టమ్, తోలులా మెరిసే సీట్లు. రెండోదానికి ఇవేమీ లేవు, రెండు ఎయిర్‌బ్యాగులు, ఎ.బి.ఎస్. బ్రేకులు ఉన్నాయి. అది కావాలంటే బుక్ చేసి రెండు నెలలు ఆగాలన్నారు. కుర్రాడు తలుపు వేసి "విన్నారా సార్?" అన్నాడు. తారు షీట్ల సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా మురిసిపోయాను. మా ఆవిడ చిన్నగా, "ఏవండీ, ఆ సంచులున్నదే మంచిదేమో" అంది. "నేనేమైనా కుర్రాడినా, వేగంగా పోవడానికి? మనకెందుకవి" అన్నాను. చక్రాలున్న బండే తెచ్చాను.

2017లో ఒక రాత్రి విజయవాడ నుంచి హైదరాబాదు వస్తున్నాం. సూర్యాపేట దగ్గర వెనుక లైటు లేని ట్రాక్టరు ట్రాలీ రోడ్డు మీద ఆగి ఉంది. కనిపించేసరికి ఆలస్యమైంది. బ్రేకు తొక్కాను, చక్రాలు బిగుసుకుని జారాయి, గుద్దాను. వేగం తక్కువే. ఇద్దరం బెల్టు పెట్టుకున్నాం కాబట్టి ఈరోజు మీ ముందు ఉన్నాం. నాకు స్టీరింగు తగిలి రెండు పక్కటెముకలు చిట్లాయి. మా ఆవిడకు డాష్‌బోర్డు తగిలి చెంప ఎముక, అడ్డం పెట్టిన కుడి మణికట్టు విరిగాయి. ఆ సంచి ఉంటే ఏమీ అయ్యేది కాదని నేననను. ముఖానికి తగిలిన దెబ్బ మాత్రం తగ్గేది. ఆ మణికట్టు ఇప్పటికీ పూర్తిగా తిరగదు. మా ఇంట్లో చపాతీ పిండి నేనే పిసుకుతున్నాను.

టింకరింగు, పెయింటింగు అయి బండి ఇంటికొచ్చిన రోజు తలుపు వేశాను. మళ్లీ అదే "ధబ్". గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడ, చేతికి కట్టుతో, "చప్పుడు మాత్రం బాగుందండీ" అంది. ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో ఏ అధికారీ నాకు అంత సూటిగా మెమో ఇవ్వలేదు. ఆవిడ ఇప్పుడు ఇక్కడే మూడో వరుసలో కూర్చుని ఉంది. ఆవిడ అనుమతి తీసుకునే ఇదంతా చెబుతున్నాను.

అందుచేత మీకు, మీ పిల్లలకు నా మనవి కొన్ని ముక్కల్లో చెప్పి ముగిస్తాను.

మొదటిది, కొత్త కారైతే భద్రతా పరీక్షలో ఎన్ని నక్షత్రాలు వచ్చాయో అడగండి. 2023 అక్టోబరు నుంచి మన దేశంలోనే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు జరుగుతున్నాయి. పెద్దలకు వేరుగా, పిల్లలకు వేరుగా నక్షత్రాలు ఇస్తారు. పరీక్షించిన రకం ఏదో, మీరు కొనే రకం ఏదో పోల్చి చూడండి.

రెండోది, మనలో చాలామంది సెకండ్ హ్యాండ్ బండి చూస్తారు. డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగు 2019 జులై నుంచి, ముందు సీటు రెండో వైపు కూడా 2021 ఆఖరు నుంచి కొత్తగా తయారయ్యే కార్లన్నిటికీ తప్పనిసరి అయింది. అంతకుముందు బండి అయితే ఉన్నాయో లేవో అడిగి మరీ చూడండి. టైరు మీద తయారీ అంకెలు కూడా చూడండి. 2324 అని ఉంటే 2024లో 23వ వారం అని అర్థం.

మూడోది, మనం ఎక్కువగా కూర్చునేది వెనుక సీట్లో. అక్కడ బెల్టు ఉందా, తల ఆనించుకునే దిండు ఉందా చూడండి. షోకు సీటు కవర్లు వేయించి బెల్టు బకిల్స్‌ను వాటి కింద పూడ్చేయకండి. వెనుక కూర్చున్నా బెల్టు పెట్టుకోండి.

నాలుగోది, మన మోకాళ్లను అడగండి. మూడుసార్లు ఎక్కి దిగండి. సీటు మరీ కిందికి ఉందా, మరీ ఎత్తుగా ఉందా? పట్టుకోవడానికి పైన పిడి ఉందా? ఎ.సి. తగ్గించాలంటే చేతికి తగిలే బటనుందా, లేక నడుపుతూ తెర వైపు చూడాలా? కంపెనీ పెద్దలు మన వయసు వాళ్లను దృష్టిలో పెట్టుకున్నారో లేదో అక్కడే తెలుస్తుంది. ఇది కూడా నాణ్యతే.

ఐదోది, పాటలు ఆపించి, గతుకుల రోడ్డు మీద, వీలైతే చీకటి పడ్డాక ఒకసారి నడిపి చూడండి. అదే బండి ఐదేళ్లు వాడినవారు ఒకరిని కలిసి మాట్లాడండి. సేల్స్ కుర్రాడి గంట మాటల కంటే ఆయన ఐదు నిమిషాల మాట విలువైనది.

చివరిది, ఇంట్లో ఆడవాళ్లు ఏదైనా చిన్నగా అంటే పెద్దగా వినండి.

తలుపు చప్పుడు వినవద్దని నేననడం లేదు. మంచి చప్పుడు మంచిదే, అందమైన బండి అందమైనదే. అన్నీ సరిపోయాక దాన్ని చూసుకుందాం. ముందు మాత్రం చప్పుడు లేని వాటిని అడుగుదాం.

ఇందాక చెప్పిన మొదటి బస్సు సంగతి ఒక్క మాట. ఆ సంక్రాంతి రద్దీ అంతా అది నిండా జనంతో, ఘాట్ రోడ్డు మీద కూడా తిరిగింది. ఏ ప్రమాదమూ జరగలేదు. ఆ సంగతి ఫిర్యాదు పుస్తకంలో ఎవరూ రాయలేదు, రాయరు కూడా. మనందరి సర్వీసులో చాలా భాగం అలాంటి పనే. స్టోర్సులో లెక్క తప్పకుండా చూసినవారు, రాత్రి డ్యూటీలో బోల్టు బిగించినవారు ఇక్కడే ఉన్నారు. వారి పని కూడా ఆ బ్రేకు లాంటిదే. ఎవరికీ కనిపించలేదు, జనం మాత్రం క్షేమంగా ఇళ్లకు చేరారు.